ఇంటికి వెనక పక్క మొక్కలు బాగున్నాయి, ముందు పక్క ఎదగడం లేదు. మట్టిని ఎలా అర్థం చేసుకోవాలి?

కొత్త తోట:

నమస్కారం అండీ. ఇల్లు కట్టుకుని చేరి రెండేళ్ళయింది. ఇంటి ముందూ వెనకా కాస్త ఖాళీ జాగా ఉంది. రెండు చోట్లా ఒకే రోజు ఒకే నారు పెట్టాను, టమాటా, వంగ, కొన్ని పూల మొక్కలు, చెరొక నిమ్మ మొక్క. వేసిన ఎరువు ఒకటే, పెట్టే నీళ్ళు ఒకే పైపువి. ఎండ కూడా రెండు పక్కలా దాదాపు సమానంగానే పడుతుంది. వెనక పక్క చూస్తే కడుపు నిండిపోతుంది, అంత బాగా వచ్చాయి. ముందు పక్కవి మాత్రం నాటిన రోజు ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి, నాలుగాకులు ఎక్కువ వేశాయంతే. కొత్తగా వచ్చే చిగురాకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటున్నాయి. నీళ్ళు పెడితే అరగంట దాకా పైనే నిలబడతాయి, ఎండితే మట్టి పెంకులా అయిపోతుంది.

తెలిసినవాళ్ళని అడిగితే తలా ఒకటి చెప్పారు. ఒకరు ఇసుక కలపమన్నారు, ఒకరు జిప్సం చల్లమన్నారు, ఇంకొకరు మట్టిలో సున్నం ఎక్కువైంది గంధకం వేయమన్నారు. ఈలోగా నేను రెండుసార్లు యూరియా వేశాను, ఏమీ మారలేదు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకేదైనా కొనేముందు అసలు నా మట్టి ఎలాంటిదో నేనే తెలుసుకోవాలని ఉంది. ఇంట్లో చేసుకునే పరీక్షలు ఏమైనా ఉన్నాయా? ఒకే స్థలంలో పది గజాల తేడాలో మట్టి ఇంత మారుతుందా?

పలుగూ పారా:

మారుతుందండీ, పది గజాలక్కర్లేదు, పది అడుగుల్లో కూడా మారుతుంది. ఇల్లు కట్టిన చోట అయితే మరీను.

ముందు మీరు చేయాల్సింది రెండు పక్కలా ఒక్కో గుంత తవ్వడం. రెండడుగుల లోతు, మీరు వంగి చూడగలిగేంత వెడల్పు. ఒక పక్క గోడను చాకుతో పైనుంచి కిందకి నున్నగా చెక్కి, దాని మీద ఎండ పడేలా చూసుకోండి. మనం రోజూ చూసేది పై రెండంగుళాలే, మొక్క బతికేదీ చచ్చేదీ దాని కింద. ఆ గోడలో రంగు ఎక్కడ మారుతోంది, మారడం మెల్లగా ఉందా లేక గీత గీసినట్టుందా, పలుగు ఏ లోతులో గట్టిగా ఆగింది, వేళ్ళు ఎంతవరకు దిగాయి, ఏ లోతులో పక్కకు తిరిగాయి, వానపాము బొరియలు ఉన్నాయా, ఇవన్నీ రాసుకోండి. వేళ్ళు అబద్ధం చెప్పవు. నిటారుగా దిగాల్సిన వేరు ఒక చోట మోచెయ్యి వంచినట్టు పక్కకు తిరిగిందంటే అక్కడ దానికి దారి లేదని అర్థం. బూడిద రంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే అక్కడ ఏటా కొన్నాళ్ళు నీరు నిలుస్తోంది, గాలి ఆడక మట్టిలోని ఇనుము కరిగి రంగు పోతుంది, గాలి తగిలిన సందుల్లో మళ్ళీ తుప్పుగా పడుతుంది. పిడికెడు తీసి వాసన కూడా చూడండి. తొలకరి వాసన వస్తే మంచిదే, మురుగు వాసన వస్తే లోపల గాలి లేదు.

తర్వాత చేతి పరీక్ష. గుప్పెడు మట్టి తీసుకుని కొద్దికొద్దిగా నీళ్ళు కలుపుతూ చపాతీ పిండిలా అయ్యేదాకా పిసకండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రిబ్బన్‌లా సాగదీయండి. రిబ్బనే రాకుండా రాలిపోతే ఇసుక పాలు ఎక్కువ. 2.5 సెంటీమీటర్ల లోపు తెగిపోతే గరప నేల, అంటే ఇసుక, ఒండ్రు (ఇసుకకన్నా సన్నం, బంకకన్నా లావు రేణువులు), బంక మూడూ కలిసింది. 2.5 నుంచి 5 దాకా సాగితే బంక కలిసిన గరప. 5 దాటి సాగితే బంకమన్నే. ఇంకొంచెం నీళ్ళు పోసి అరచేతిలో రుద్దితే ఇసుక గరగరలాడుతుంది, ఒండ్రు పిండిలా మెత్తగా జారుతుంది, బంకమన్ను వేళ్ళకి అంటుకుని వదలదు.

సీసా పరీక్ష కూడా చెయ్యండి, ఇది కళ్ళకి కనిపిస్తుంది కాబట్టి నాకిష్టం. నిటారు గోడలున్న గాజు సీసాలో మూడోవంతు మట్టి (రాళ్ళు, వేళ్ళు ఏరేసి, గడ్డలు చిదిపి), పైన నీళ్ళు, చిటికెడు డిటర్జెంట్ వేసి పది నిమిషాలు బాగా గిలకొట్టండి. డిటర్జెంట్ ఎందుకంటే మట్టి కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, విడిపోవాలి. కింద పెట్టిన ఒక నిమిషానికి అడుగున దిగింది ఇసుక, అక్కడ సీసా మీద గీత పెట్టండి. రెండు గంటలకి దాని మీద దిగింది ఒండ్రు, ఇంకో గీత. మిగతా బంకమన్ను దిగి నీళ్ళు తేటపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇసుక రేణువు 2 నుంచి 0.05 మిల్లీమీటర్లు, బంక కణం 0.002 మిల్లీమీటర్ల లోపు, అందుకే అంత తేడా. మొత్తం ఎత్తులో ఏ పొర ఎంతో కొలిస్తే పాళ్ళు వచ్చేస్తాయి. మరీ కచ్చితమైన లెక్క కాదు, బంకమన్ను నీళ్ళలో ఉబ్బి కాస్త ఎక్కువ చూపిస్తుంది, కానీ మీ రెండు పక్కలనూ పోల్చుకోవడానికి ఇది చాలు.

మేడ మీద తోట:

ఇంత కష్టం దేనికండీ, ముందు పక్క ఉన్న మట్టి మీదే ఎత్తుగా మడులు కట్టి మంచి మట్టి, కంపోస్టు పోసి పెంచేసుకోవచ్చుగా? నేను అంతా కుండీల్లోనే పెంచుతాను, నాకు కింద నేల ఎలా ఉన్నా సంబంధం లేదు.

మెట్ట సేద్యం:

మేడ మీద తోట గారూ, ఆకుకూరలకైతే మీరు చెప్పింది బాగానే నడుస్తుంది. కానీ ఆయన నిమ్మ పెట్టారు. అడుగు ఎత్తు మడి చెట్టుకి ఏ మూలకి? వేరు కింది నేలలోకి దిగాల్సిందే. కింద గట్టి పొర ఉంటే పోసిన నీళ్ళు దాని మీదే నిలబడి మడి అడుగు కుళ్ళుతుంది.

నేను నాలుగెకరాలు మెట్ట చేస్తాను, ఇరవై ఏళ్ళయింది. ఆ నాలుగెకరాల్లోనే మూడు రకాల నేల ఉంది. పైన వాలు మొదట్లో ఎర్రగా, రాళ్ళతో, జానెడు లోతు కూడా ఉండదు. మధ్యలో ఎర్రదే కానీ కాస్త లోతు. దిగువన నల్లగా, వేసవిలో చెయ్యి దూరేంత బీటలు. వాన నీరు వేల ఏళ్ళుగా సన్నటి మట్టిని, సున్నాన్ని పైనుంచి కిందకి మోసుకొచ్చి దించింది, అంతే. 1941లో హాన్స్ జెన్నీ అనే శాస్త్రవేత్త నేల తయారవడానికి ఐదు కారణాలని చెప్పాడు, కింది రాయి, వాతావరణం, జీవరాశి, నేల వాలు, కాలం. మా పొలంలో మిగతా నాలుగూ ఒకటే, వాలు ఒక్కటే మారింది, దానికే మూడు నేలలయ్యాయి. మొదట్లో ఇది తెలియక అంతటికీ ఒకే పంట, ఒకే ఎరువు, ఒకే తడి పెట్టి పైన ఎండబెట్టుకుని కింద కుళ్ళబెట్టుకున్నాను. అడుగు లోతు ఇసుక నేల మొక్కకి అందేలా దాచుకునే నీరు సుమారు 2 సెంటీమీటర్లు, అదే లోతు గరప నేల 5 సెంటీమీటర్ల దాకా దాచుకుంటుంది. రెండింటికీ ఒకే రోజు ఒకే తడి ఎలా సరిపోతుంది చెప్పండి.

ఇప్పుడు ఇసుక సంగతి. దయచేసి కలపకండి. నేను కలిపి చూశాను కాబట్టి చెబుతున్నాను. దిగువన నల్లరేగడిలో ఒక చిన్న మడికి నాలుగు బండ్ల ఇసుక పోసి తిరగదున్నాను, మట్టి గుల్లబారుతుందనుకున్నాను. ఎండాక అది గోడ కట్టడానికి పనికొచ్చే గచ్చులా తయారైంది. ఇసుక రేణువుల మధ్య ఉండే సందుల్లోకి బంక వెళ్ళి కూర్చుంటుంది, గాలికి ఉన్న కాస్త చోటూ పోతుంది. నిజంగా గుణం మారాలంటే మొత్తం మట్టిలో సగం పైన ఇసుకే ఉండాలి, అంత ఎవరు పోస్తారు. పశువుల ఎరువు, కుళ్ళిన ఆకు వేస్తే పని అవుతుంది, రెండు మూడేళ్ళు పట్టినా అవుతుంది.

ఇంకో మాట, తవ్వేముందు పదును చూసుకోండి. గుప్పెడు మట్టి ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. పొడిపొడిగా పగిలితే పదును ఉంది, తవ్వొచ్చు. చదునుగా అంటుకుపోతే ఇంకా తడి ఉంది, ఆగండి. బంకనేలను తడి మీద తొక్కినా తవ్వినా కణాలన్నీ నలిగి ఒకే ముద్దవుతాయి, ఒక్క రోజు తొందరపాటుకి రెండు కార్లు, అంటే రెండు పంట కాలాలు, అనుభవించాలి. అసలు ముద్దే కట్టకుండా రాయిలా ఉంటే ముందు రోజు తడిపి అప్పుడు తవ్వండి.

మట్టి పరీక్షల బల్ల:

నేను చాలా ఏళ్ళుగా మట్టి నమూనాలు పరీక్షించే పనిలో ఉన్నాను. కొత్త తోట గారు రాసినదాంట్లో నాకు ముందు కళ్ళబడింది ఆకుల సంగతి. కొత్త చిగురు పసుపుగా ఉండి ఈనెలు పచ్చగా ఉంటే చాలావరకు ఇనుము అందడం లేదని. నత్రజని లోపమైతే ముందు ముదురాకులు పాలిపోతాయి, ఎందుకంటే మొక్క నత్రజనిని పాత ఆకుల్లోంచి తీసి కొత్తవాటికి పంపగలదు, ఇనుమును అలా పంపలేదు. అందుకే యూరియాతో మార్పు రాలేదు, అసలు లోపం అది కాదు. ఇక ఇనుము మట్టిలో లేకపోవడం అనేది అరుదు, ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. ఉన్న ఇనుము కరగదు, అదీ చిక్కు. పీహెచ్ (మట్టి పులుపో క్షారమో చెప్పే అంకె) 7.5 దాటి మట్టిలో సున్నం ఉంటే ఇనుము, జింకు, మాంగనీసు మొక్కకి చిక్కకుండా బిగుసుకుపోతాయి, నీరు నిలిచే చోట ఇనుముకి ఈ చిక్కు ఇంకా ఎక్కువ.

కొత్తగా ఇల్లు కట్టిన చోట నా మొదటి అనుమానం ఎప్పుడూ కట్టుబడి చెత్త మీదే. గోడ రాలిన సిమెంటు, సున్నం, కాంక్రీటు ముక్కలు మట్టిలో కలిసిపోయి ఏళ్ళ తరబడి మెల్లగా కరుగుతూ ఉంటాయి. ఇది తెలుసుకోవడం తేలిక. పొడి మట్టి చెంచాడు తీసుకుని దాని మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే. రెండు పక్కల మట్టికీ చేసి పోల్చండి, వేర్వేరు లోతుల్లో మట్టికి కూడా.

జిప్సం గురించి. జిప్సం మంచి మందే, కానీ గట్టి నేల విషయంలో ఒకే జబ్బుకి, సోడియం ఎక్కువైన కారు చౌడుకి. పైన తెల్లగా ఉప్పు పేరుకునే తెల్ల చౌడుకి జిప్సంతో పని లేదు, మంచి నీళ్ళు పెట్టి ఉప్పు కిందకి దిగేలా, మురుగు పోయేలా చేయాలి. గట్టిగా ఉన్న ప్రతి నేలా చౌడు కాదు. సోడియం ఉందో లేదో ఇంట్లో చూడొచ్చు: బఠాణీ గింజంత ఎండిన పెళ్ళ తీసి వాన నీళ్ళున్న గ్లాసులో మెల్లగా జారవిడిచి కదపకుండా వదిలేయండి. పెళ్ళ విడిపోయి కుప్పగా కూలినా చుట్టూ నీళ్ళు తేటగా ఉంటే సోడియం బాధ లేదు, సేంద్రియ పదార్థం తక్కువ అంతే. పెళ్ళ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్ముకుని మరునాటికి కూడా తేరకపోతే సోడియం ఉంది. బోరు నీళ్ళు వద్దు, వాటిలో ఉప్పులుంటే ఆ మబ్బు కనబడదు. ఈ రెండు చిన్న పరీక్షలూ చేయకుండా జిప్సం బస్తాలు మోసుకెళ్ళేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గంధకం లెక్క ఒక్కసారి చూడండి. చదరపు మీటరు చోటులో 15 సెంటీమీటర్ల లోతున సుమారు 200 కిలోల మట్టి ఉంటుంది. అందులో సున్నం 1 శాతం ఉందనుకుంటే 2 కిలోలు. దాన్ని పూర్తిగా కరిగించడానికి 650 గ్రాముల దాకా గంధకం కావాలి, అదీ ఒక్క చదరపు మీటరుకి. సున్నం మిగిలి ఉన్నంతకాలం పీహెచ్ పెద్దగా దిగదు. కాబట్టి మట్టిలో సున్నం ఎంతో తెలియకుండా గంధకం జోలికి వెళ్ళకండి.

పరీక్షకు పంపుతానంటే ముందు పక్కది, వెనక పక్కది రెండు వేరు నమూనాలుగా పంపండి. కలిపితే వచ్చే సగటు ఏ పక్కకీ పనికిరాదు. ఒక్కో పక్క ఎనిమిది పది చోట్ల, పైన చెత్త తీసేసి, ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత చేసి, ఒక అంచు నుంచి పైనుంచి కిందదాకా సమానంగా పలచటి చెక్క తీయండి. ప్లాస్టిక్ బకెట్‌లో అన్నీ కలపండి, జింకు పూత బకెట్ వాడితే జింకు లెక్క తప్పుతుంది. కలిపిన మట్టిని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించి, నీడలో ఆరబెట్టి సంచిలో వేయండి. ఈమధ్యే ఎరువు వేసిన చోటు, చెత్తకుప్ప పక్కన, నీళ్ళ కాలువ అంచున తీయొద్దు. చెట్ల కోసమైతే 30, 60, 90 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా తీయాలి. ఒక ల్యాబ్ అంకెలను ఇంకో ల్యాబ్ అంకెలతో పోల్చి కంగారు పడకండి, మట్టికి ఎన్ని పాళ్ళ నీళ్ళు కలిపి కొలిచారన్నదాన్ని బట్టే ఈసీ (మట్టిలో కరిగే ఉప్పులు ఎంతో చెప్పే అంకె) మారిపోతుంది.

పలుగూ పారా:

పైవాటితో పాటు నీరు ఇంకే పరీక్ష కూడా చేయండి, అది చెప్పడం మరిచాను. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత నీళ్ళతో నింపి పూర్తిగా ఇంకనివ్వండి. వెంటనే మళ్ళీ నింపి గంటలో ఎంత దిగిందో స్కేలుతో చూడండి. మొదటిసారి కొలవొద్దు, ఎండిన మట్టి ఎలాగూ తాగేస్తుంది. గంటకి 2.5 నుంచి 7 సెంటీమీటర్లు దిగితే బాగున్నట్టు. 2.5 కన్నా తక్కువైతే వేళ్ళకి ఊపిరాడదు.

కొత్త తోట:

పన్నెండు రోజులు పట్టింది, అన్నీ చేశాను. మీరందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్, ముందు ఏం కనిపించిందో చెప్పేస్తాను, ఎందుకంటే నేను అనుకున్నది ఒకటి, నేలలో ఉన్నది ఇంకొకటి.

వెనక పక్క గుంత తవ్వడానికి అరగంట కూడా పట్టలేదు. పైన జానెడున్నర లోతు ముదురు గోధుమ రంగు, తర్వాత మెల్లగా ఎర్రబారుతూ పోయింది. వంగ వేరు ఒకటి ఒకటిన్నర అడుగు కిందకి తిన్నగా దిగి ఉంది, పార వేసిన ప్రతిసారీ ఒకటో రెండో వానపాములు.

ముందు పక్క మాత్రం పై ఆరంగుళాల్లోనే ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, ఒక చోట పిడికిలంత కాంక్రీటు ముద్ద. దాని కింద పలుగు ఒక్కసారిగా ఆగిపోయింది. ఎండిపోయిన టమాటా మొక్కని జాగ్రత్తగా పెళ్ళతో సహా లేపితే వేరు సరిగ్గా ఆ లోతు దాకా దిగి, పలుగూ పారా గారు రాసినట్టే మోచెయ్యిలా వంగి పక్కకి పాకింది. పెన్సిలంత లావు వేరు ఆ వంపు దగ్గర నులిమినట్టు చదునుగా అయిపోయింది. దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, నీళ్ళు చాలలేదేమో అని నేను రోజూ ఇంకా ఇంకా పోస్తూ వచ్చాను దానికి.

పట్టుబట్టి ముందు రోజు తడిపి మళ్ళీ తవ్వాను. పద్నాలుగు అంగుళాల దగ్గర గీత గీసినట్టు రంగు మారింది, పైన ఎరుపు, కింద ముదురు గోధుమ. ఆ ముదురు మట్టిలో పాత గడ్డి వేళ్ళు ఇంకా ఉన్నాయి, నల్లగా ఎండిపోయి. అది అచ్చం వెనక పక్క పైమట్టే. అప్పుడు గుర్తొచ్చింది, పునాదులు తీసినప్పుడు వచ్చిన మట్టినంతా ముందు పక్కే పరిచి, ట్రాక్టర్ తిప్పి చదును చేశారు. నేను పెంచుతున్న చోటు అసలు నేల కాదు, తలకిందులైన నేల, అసలుది కింద పడి ఉంది.

సీసాల్లో ముందు పక్కది మొత్తం 12 సెంటీమీటర్లు, అందులో ఇసుక 4.8, ఒండ్రు 2.8, బంక 4.4. వెనకది మొత్తం 11, అందులో ఇసుక 4.6, ఒండ్రు 2.7, బంక 3.7. శాతాల్లో చూస్తే 40, 23, 37 ఒకటి, 42, 25, 34 ఇంకొకటి. అంటే రెండూ దాదాపు ఒకటే మట్టి! రిబ్బన్ కూడా రెండూ నాలుగు సెంటీమీటర్ల దాకా సాగాయి. ఇసుక కలిపి ఉంటే ఏమై ఉండేదో.

వెనిగర్ వేస్తే వెనక మట్టి కదల్లేదు, ముందు మట్టి సోడా సీసా తీసినట్టు బుస్సుమంది. కింద దొరికిన పాత నేల మాత్రం ఏమీ అనలేదు. పెళ్ళ పరీక్షలో ముందు పక్కది నిమిషంలో కూలిపోయింది కానీ నీళ్ళు తేటగానే ఉన్నాయి, వెనకది పొద్దుటికి కూడా పెళ్ళలానే ఉంది. నీళ్ళు ముందు పక్క గంటకి ఒక సెంటీమీటరు కూడా దిగలేదు, వెనక నాలుగు దిగాయి. ల్యాబ్ రిపోర్టు నిన్న వచ్చింది. ముందు పక్క పీహెచ్ 8.3, ఈసీ 0.5, సేంద్రియ కర్బనం 0.22 శాతం, సున్నం 6 శాతం. వెనక పక్క పీహెచ్ 7.4, ఈసీ 0.4, కర్బనం 0.85 శాతం. ఇప్పుడు నేను ఏం చేస్తే బాగుంటుంది? పాత నేల దాకా మొక్కకో గుంత తీసి అందులో నాటితే సరిపోతుందా?

మట్టి పరీక్షల బల్ల:

చాలా బాగా చేశారు, ఇంత వివరంగా చూసి రాసేవాళ్ళు తక్కువ. ఈసీ తక్కువ, నీళ్ళు తేట, పీహెచ్ 8.3. సున్నం ఒక్కటే ఉన్న నేల పీహెచ్ మామూలుగా 8.4 దగ్గర ఆగిపోతుంది, 8.5 దాటితేనే సోడియం అని అనుమానించాలి. కాబట్టి జిప్సం అక్కర్లేదు. 6 శాతం సున్నానికి గంధకం చదరపు మీటరుకి దాదాపు 4 కిలోలు పడుతుంది, అదీ మర్చిపోండి. పీహెచ్ అంకెల్లో 7.4కీ 8.3కీ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఒక్క అంకె తేడా అంటే క్షార గుణం పది రెట్లు, మీది ఎనిమిది రెట్లు.

మీ సీసాలు చెప్పిందే అసలు సంగతి. మట్టిలో ఏ పాళ్ళు ఉన్నాయన్నది ఒకటి, ఆ కణాలు ఒకదానికొకటి ఎలా అతుక్కుని సందులు వదిలాయన్నది ఇంకొకటి. పాళ్ళు మన చేతిలో లేవు, పుట్టుకతో వచ్చినవి. ఆ అతుకు మాత్రం వేళ్ళు, వానపాములు, కుళ్ళిన ఆకు కలిసి ఏళ్ళ తరబడి కట్టేది, ట్రాక్టర్ ఒక్క పూటలో నలిపేయగలదు. వెనక పక్క పెళ్ళ రాత్రంతా నీళ్ళలో నిలబడింది ఆ కర్బనం వల్లే.

ఈలోగా నిమ్మ మొక్క బతకాలంటే ఇనుము ఇవ్వండి, కానీ అన్నభేదిని (ఇనుము సల్ఫేటు) మట్టిలో వేయొద్దు, ఆ సున్నంలో రోజుల్లోనే బిగుసుకుపోతుంది. ఆకుల మీద పిచికారీ చేస్తే కొన్ని వారాలు పచ్చబడుతుంది. మట్టికే ఇవ్వాలంటే ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్న ఇనుము చీలేటు (ఇనుము బిగుసుకుపోకుండా పట్టి ఉంచే మందు) చూసుకోండి, ఈడీటీఏ రకం ఇంత పీహెచ్‌లో నిలవదు.

మెట్ట సేద్యం:

మొక్కకో గుంత మాత్రం వద్దండీ. చుట్టూ గట్టి నేల ఉండగా మధ్యలో గుంత తీసి మంచి మట్టి నింపితే అది బకెట్ అవుతుంది. వాన పడితే చుట్టుపక్కల నీళ్ళన్నీ అందులోకే చేరతాయి, బయటికి పోయే దారుండదు, వేళ్ళు కూడా ఆ గుంతలోనే గుండ్రంగా చుట్టుకుంటాయి. తీస్తే ఒక పట్టీలా తీయండి, నీరు బయటికి పారే పక్కకి వాలు ఉండేలా. నాలుగడుగుల వెడల్పు పట్టీ ఈ కారుకి, ఇంకొకటి వచ్చే కారుకి.

పలుగూ పారా:

నేనూ పట్టీకే ఓటు. ముందు పై ఆరంగుళాల్లో ఉన్న సిమెంటు, కాంక్రీటు ఏరి బయట పడేయండి, అది ఉన్నంతకాలం సున్నం ఊరుతూనే ఉంటుంది. ఆ పట్టీలో పునాది మట్టిని పూర్తిగా ఎత్తి నడిచే దారుల మీదకి చేర్చండి, దారి గట్టిగా ఉంటే మంచిదేగా. కింద పాత నేల తగిలాక మురిసిపోయి అక్కడితో ఆగకుండా దాన్ని కూడా పలుగుతో జానెడు లోతు కదిలించండి, రెండేళ్ళు బరువు కింద ఊపిరాడక పడి ఉంది. తిరగేయొద్దు, పలుగు దించి వెనక్కి వంచి వదిలేయడమే. మీద మూడంగుళాలు బాగా మాగిన కంపోస్టు, ఆపైన ఎండుగడ్డి కప్పండి. మొదటి కారు కూరగాయలు పెట్టకుండా జీలుగో జనుమో చల్లి పూత దశలో కోసి అక్కడే పరిచేస్తే వాటి వేళ్ళే మీకు కూలి లేని నాగళ్ళు. ఇక ఆ పట్టీలో కాలు పెట్టకండి, అంచున నిలబడి పని చేసుకోండి.

మట్టి ఎత్తని మిగతా చోట సున్నాన్ని తట్టుకునేవి పెట్టుకోండి, దానిమ్మ, అంజూర లాంటివి. నూరు వరహాలు మాత్రం ఆ మట్టిలో పెట్టొద్దు, నిమ్మకన్నా ముందు అదే పసుపెక్కుతుంది.

మేడ మీద తోట:

ఇదంతా చదివాక నా కుండీ మట్టి పెళ్ళ ఒకటి వాన నీళ్ళలో వేసి చూశాను, అర నిమిషంలో కూలిపోయింది. రెండేళ్ళుగా అదే మట్టి వాడుతున్నాను, కంపోస్టు కలపాలి. కొత్త తోట గారూ, మీ పట్టీ ఎలా వచ్చిందో తప్పకుండా రాయండి.

కొత్త తోట:

రాస్తానండీ. నిన్న దారాలు కట్టి గోడకి రెండడుగులు వదిలి నాలుగడుగుల పట్టీ గుర్తు పెట్టాను, సిమెంటు గడ్డలు ఏరితే ఇప్పటికే రెండు తట్టలు నిండాయి. నిమ్మ ఆకులకి పిచికారీ అయింది. ఇప్పుడు వాన మొదలైంది, ముందు పక్క నీళ్ళు ఎప్పటిలాగే నిలబడ్డాయి, ఎక్కడ ఎక్కువ నిలుస్తున్నాయో కిటికీలోంచి చూసి కాగితం మీద గీసుకుంటున్నాను. వాన వెలిసిన రెండో రోజు ముద్ద వదిలి చూస్తాను. పగిలితే పలుగు తీస్తాను, అంటుకుంటే ఇంకో రోజు ఆగుతాను.